వెలుగు మతం ఎలా ఆరిపోయింది?

మతాలు పుట్టిన కథలు మనకు చాలా తెలుసు. మతం చచ్చిపోయిన కథ మాత్రం ఎక్కడో గాని వినపడదు. రాజ్యాలు కూలిపోతాయి, వంశాలు అంతరిస్తాయి, నదులు దారి మార్చుకుంటాయి. ఇవేవీ మనకు వింతగా తోచవు. కాని దేశదేశాలకూ పాకి, వెయ్యేళ్ళకు పైగా బతికిన ఒక మహామతం, “ఇది నా మతం” అని చెప్పుకునే సమాజం ఒక్కటైనా మిగలకుండా లోకంలోనుంచి తుడిచిపెట్టుకు పోయిందంటే ఆశ్చర్యంగా ఉండదూ?

అటువంటిది ఒకటి ఉండేది. అది మానీ మతం. చైనావారు దాన్ని వెలుగు మతం అన్నారు. క్రీస్తుశకం 3వ శతాబ్దంలో బాబిలోనియాలో, అంటే ఇప్పటి ఇరాక్ దేశంలో, అది పుట్టింది. పడమట ఉత్తరాఫ్రికా వరకూ, రోము వరకూ వెళ్ళింది. తూర్పున చైనా సముద్రతీరం దాకా వెళ్ళింది. రోము చక్రవర్తులు దానికి జడిసి చట్టాలు చేశారు. మధ్య ఆసియాలో ఒక రాజ్యం దాన్ని రాజమతంగా స్వీకరించింది.

నన్ను ఈ కథ వదలకుండా పట్టుకున్నది ఒక్క సంగతి. మతాలు కాలక్రమాన ఎందుకు చెడిపోతాయో మానీ బాగా ఆలోచించాడు. బుద్ధుడూ, జరతుష్ట్రా, ఏసూ నోటితో బోధించారే గాని తమ చేత్తో గ్రంథాలు రాసి పెట్టలేదనీ, శిష్యులు తరువాత రాశారు గనుకనే తలా ఒక మాట అయిందనీ ఆయన అభిప్రాయం. తన మతానికి ఆ గతి పట్టకూడదని గ్రంథాలన్నీ తానే రాశాడు. చదువు రానివారి కోసం బొమ్మలు కూడా తానే గీశాడు. ఇంత ముందుచూపు గల మతకర్త మరొకడు కనపడడు. అయినా ఆ ముగ్గురి మతాలూ ఉన్నాయి; మానీ మతం పోయింది. ఎందుకని?

తండ్రి విన్న మాట

మానీ 216 ఏప్రిల్ 14న పుట్టాడు. తండ్రి పతీక్, హమదాన్ నుంచి వచ్చి టైగ్రిస్ నది ఒడ్డున క్టెసిఫాన్ నగరంలో కాపురమున్నవాడు. తల్లి పార్థియన్ రాజవంశంతో చుట్టరికం గల ఇంటి ఆడపడుచు. ఒకనాడు పతీక్ గుడికి వెళితే లోపలినుంచి ఒక గొంతు వినిపించిందట: మాంసం తినవద్దు, మద్యం ముట్టవద్దు, స్త్రీ పొందు వద్దు అని. మూడు రోజుల్లో పలుమార్లు అదే మాట. భార్య అప్పుడు గర్భవతి. పతీక్ ఇల్లు విడిచి ఒక మతశాఖలో చేరిపోయాడు. బిడ్డకు నాలుగో ఏడు వచ్చాక వాణ్ణి కూడా తన దగ్గరకు తెచ్చుకున్నాడు. ఆ ఇల్లాలికి మొదట భర్తా, తరువాత కొడుకూ దూరమయ్యారు.

పతీక్ చేరినవారు ఏసును నమ్ముకున్నవారే గాని మడి ఆచారాలు విపరీతంగా పాటించేవారు. రోజూ స్నానం చేయడమే కాదు, తినబోయే కూరగాయలకు కూడా స్నానం చేయించేవారు. మానీ వాళ్ళ మధ్యనే పెరిగాడు. 12వ ఏట ఆయనకు ఒక దివ్యమూర్తి కనిపించింది. అది తన “జంట” అనీ, పరలోకంలో ఉన్న తన రెండో రూపమేననీ మానీ నమ్మాడు. 24వ ఏట ఆ జంట మళ్ళీ కనిపించి, ఇక బయటికి వెళ్ళి బోధించమన్నది.

బయటికి వెళ్ళే ముందు తనవాళ్ళతోనే తగవు వచ్చింది. “మీరు కూర కడిగి తిన్నా, కడక్కుండా తిన్నా కడుపులోకి వెళ్ళాక రెండూ ఒక్కటే అవుతున్నాయి. నీళ్ళతో వచ్చేది శుద్ధి కాదు, వెలుగేదో చీకటేదో తెలుసుకోవడమే శుద్ధి” అని ఆయన వాదన. వాళ్ళకు కోపం వచ్చి మీద పడితే తండ్రి అడ్డుపడి బతిమాలుకున్నాడు. 240లో మానీ ఇద్దరు తోడుతో బయలుదేరాడు. తరువాత ఆ తండ్రి కూడా కొడుకు వెంటే వచ్చి శిష్యుడయ్యాడు.

సింధు తీరానికి

మానీ మొదటి పెద్ద ప్రయాణం మన వైపుకే. ఓడ ఎక్కి సింధు ప్రాంతానికి వచ్చాడు. అక్కడ బౌద్ధ భిక్షువులనూ, వారికి అన్నం పెట్టే గృహస్థులనూ చూశాడు. తూరాన్ అనే చిన్న రాజ్యపు రాజు ఆయనకు శిష్యుడయ్యాడు. తిరిగి వెళ్ళాక పారశీక చక్రవర్తి మొదటి షాపూరు సోదరుడు పేరోజ్ ద్వారా రాజదర్శనం దొరికింది. షాపూరు ఆయన మతంలో చేరలేదు గాని, తన సామ్రాజ్యంలో ఎక్కడైనా బోధించుకోమని సెలవిచ్చాడు. మానీ ఆ రాజు కోసం ‘షాపూరగాన్’ అనే గ్రంథాన్ని పారశీక భాషలో రాశాడు. మిగతా గ్రంథాలన్నీ తన మాతృభాష సిరియాక్‌లో రాశాడు.

భగవంతుడు ఒక్కో కాలంలో ఒక్కో దేశానికి ఒక దూతను పంపుతూ వచ్చాడట. భారతదేశానికి బుద్ధుడూ, పారశీకానికి జరతుష్ట్రా, పడమటి దేశాలకు ఏసూ వచ్చారు. ఈ వరసలో చివరగా బాబిలోనియాకు వచ్చినవాణ్ణి తానని మానీ చెప్పుకున్నాడు. వాళ్ళ మతాలు ఒక్కో దేశానివి, తనది అన్ని దేశాలదీ అన్నాడు. ఈ ఒక్క మాటలోనే ఆ మతం బలమూ ఉన్నది, దాని చావూ ఉన్నది. అది తరువాత తెలుస్తుంది.

చందమామ పడవ

ఇంతకూ ఆయన చెప్పినదేమిటి? ఆదిలో రెండే ఉన్నాయి: వెలుగు, చీకటి. వేటికవి విడిగా ఉండేవి. చీకటి వెలుగును చూసి ఆశపడి దాని మీదకు దండెత్తింది. ఆ యుద్ధంలో వెలుగు ముక్కలు కొన్ని చీకటి కడుపులో చిక్కుకుపోయాయి. ఆ చిక్కుకున్న వెలుగును విడిపించడానికి ఏర్పాటు చేసిన పెద్ద యంత్రమే ఈ ప్రపంచం. విడిపడిన వెలుగు పైకి పోయి చందమామలో చేరుతుంది. పదిహేను రోజులు చందమామ పడవలాగా వెలుగును నింపుకుంటాడు, అది పున్నమి. తరువాత ఆ సరుకును సూర్యుడికి అప్పగించి ఖాళీ అవుతాడు, అది అమావాస్య. చిట్టచివర వెలుగూ చీకటీ మళ్ళీ వేటికవి అవుతాయి.

కనుక మనిషిలోనే కాదు, చెట్టులో, పండులో, మట్టిలో కూడా వెలుగు బాధపడుతూ ఉన్నదని వారి నమ్మకం. అత్తిపండు కోసినప్పుడు కారే పాలు చెట్టు కన్నీరే. దోసకాయలోనూ, ఖర్బూజాలోనూ వెలుగు ఎక్కువ. పుణ్యాత్ముడైన సన్యాసి వాటిని తింటే ఆయన శరీరం గుండా వెలుగు విడుదలై పైకి పోతుంది. ఆయన భోజనం చేయడమే ఒక యజ్ఞం.

వండేవారు, తినేవారు

ఇక్కడే మనబోటి సంసారులకు పట్టే విషయం వస్తుంది. మానీ సంఘంలో రెండు తరగతులు. మొదటివారు “ఎన్నికైనవారు”, అంటే సన్యాసులు, సన్యాసినులు. మాంసం, మద్యం, పెళ్ళి, ఆస్తి ఏవీ ఉండకూడదు. ఒకనాటి తిండి, ఒక ఏటి బట్ట తప్ప దాచుకోకూడదు. కాయ కోయకూడదు, చేను దున్నకూడదు, చెట్టు కొమ్మ విరవకూడదు. అందులో ఉన్న వెలుగుకు దెబ్బ తగులుతుంది. రెండోవారు “వినేవారు”, అంటే గృహస్థులు. మన జైనులు తమ గృహస్థులను శ్రావకులంటారు. దానికీ వినేవారనే అర్థం. ఈ శ్రావకులు పెళ్ళి చేసుకోవచ్చు, వ్యవసాయం చేయవచ్చు, వర్తకం చేయవచ్చు. ఆదివారం ఉపవాసం, రోజుకు నాలుగుసార్లు ప్రార్థన, సన్యాసులకు భోజనం పెట్టడం వారి ధర్మాలు.

మరి ఆ భోజనానికి కాయ కోసిన పాపం ఎవరిది? కోసి, తరిగి, రొట్టె కాల్చిన గృహస్థుడిది. సన్యాసి ఆ రొట్టె అందుకుని, దాన్ని కోసినదీ పిసికినదీ కాల్చినదీ తాను కాననీ, ఆ తప్పు తనకు లేదనీ ముందు చెప్పుకుని, ఆ తరువాత పెట్టినవారి కోసం ప్రార్థించేవాడని వారి విరోధులు రాశారు. అన్నదానం చేసినందుకు గృహస్థుడి పాపం క్షమించబడుతుంది. మంచివాడైతే వచ్చే జన్మలో తానూ సన్యాసిగా పుట్టవచ్చు. ఈ పునర్జన్మ సంగతి మానీ భారతదేశంలో నేర్చుకున్నాడని 11వ శతాబ్దపు పండితుడు అల్ బిరూనీ రాశాడు.

ఇంతకంటె కష్టమైన సంగతి మరొకటి ఉన్నది. బిడ్డ పుట్టడమంటే వెలుగు మళ్ళీ ఒక దేహంలో బందీ కావడమే. అంటే ఇంట్లో ఉయ్యాల కట్టడం కూడా ఒక విధంగా దోషమే. అయినా తరతరాలుగా గృహస్థులు ఈ మతాన్ని మోశారు. గురువు కోసం తాము పాపం నెత్తిన వేసుకోవడం వారికి భారంగా కాక భాగ్యంగా తోచింది.

సంకెళ్ళు

షాపూరు బతికి ఉన్నన్నాళ్ళూ మానీకి భయం లేకపోయింది. తరువాత రాజ్యానికి వచ్చిన బహ్రాము కాలంలో కర్తీరు అనే జరతుష్ట్ర మతాచార్యుడికి చాలా పలుకుబడి ఉండేది. ఈ కర్తీరు తన ఘనకార్యాలను రాతి మీద చెక్కించుకున్నాడు. యూదులనూ, శ్రమణులనూ, బ్రాహ్మణులనూ, క్రైస్తవులనూ, జందికులనూ అణచివేశానని అందులో రాయించాడు. జందికులంటే మానీ మతస్థులే. ఆ మాటే అరబ్బీలో జిందీక్ అయి, మతద్రోహి అనే అర్థంలో స్థిరపడిపోయింది.

బహ్రాము మానీని గుందేషాపూరుకు పిలిపించాడు. రాజు భోజనం ముగించి వచ్చి, నీ రాక మాకు సంతోషం కాదని మొగం మీదే అన్నాడు. యుద్ధానికి రావు, వేటకు రావు, నీవల్ల ప్రయోజనమేమిటని అడిగాడు. మానీ తాను ఎవరికీ కీడు చేయలేదనీ, రాజపరివారంలో ఎందరికో వైద్యం చేశాననీ చెప్పుకున్నాడు. రాజు వినలేదు. మెడకూ కాళ్ళకూ చేతులకూ బరువైన సంకెళ్ళు వేయించాడు. 26 రోజులు ఆ సంకెళ్ళలో ఉండి మానీ చనిపోయాడు. అది 274, 277 సంవత్సరాల మధ్య. చివరి క్షణాల్లో ముగ్గురు గృహస్థ స్త్రీలు దగ్గరకు వచ్చి ఆయన కళ్ళు మూసి ఏడ్చారని వారి గ్రంథం చెబుతుంది.

అప్పటినుంచి ఏటా వసంతకాలంలో మానీ మతస్థులు ఒక పండగ చేసేవారు. అయిదు మెట్ల పీఠం కట్టి, దాన్ని అలంకరించి, దాని మీద గురువు పటం పెట్టేవారు. పీఠం మీద మనిషి ఉండడు. ఆ ఖాళీ పీఠం ముందు కూర్చుని తమ తప్పులు ఒప్పుకుని పాటలు పాడేవారు.

రోములో అనుమానం

రోము సామ్రాజ్యంలో ఈ మతాన్ని చూసినవారికి కనిపించింది వెలుగు కాదు, పారశీకం. పారశీకం రోముకు బద్ధశత్రువు. 302లో డయోక్లీషియన్ చక్రవర్తి ఆజ్ఞాపత్రం వెలువడింది. గురువులను గ్రంథాలతో సహా కాల్చివేయాలనీ, మొండికెత్తిన శిష్యులకు మరణశిక్ష వేయాలనీ, పెద్దింటివారైతే ఆస్తి లాగుకుని గనుల్లో పనికి పంపాలనీ శాసించాడు. ఇక్కడ తమాషా చూడండి. పారశీకంలో ఆచార్యులు దీన్ని ద్రోహమతమన్నారు. రోములో పారశీకుల మతమన్నారు. రెండు ఇళ్ళ మధ్య పెరిగిన పిల్లవాడికి రెండిళ్ళలోనూ చోటు లేకుండా పోయింది.

అయినా మేధావులు ఆకర్షితులయ్యారు. వారిలో అగ్రగణ్యుడు అగస్టీన్. తరువాత క్రైస్తవ లోకానికి మహాచార్యుడైన ఈ మనిషి యౌవనంలో సుమారు 9 ఏళ్ళు మానీ శ్రావకుడుగా ఉన్నాడు. ప్రపంచంలో ఇంత చెడు ఎక్కడినుంచి వచ్చిందన్న ప్రశ్న ఆయనను వేధించేది. మానీ మతం దానికి సూటిగా జవాబు చెప్పింది: చెడు భగవంతుడి నుంచి రాలేదు, చీకటి నుంచి వచ్చింది. కాని గ్రహగతుల విషయంలో మానీ చెప్పిన లెక్కలు జ్యోతిర్వేత్తల లెక్కలకు సరిపోలేదు. ఫాస్టస్ అనే గురువు వస్తే సందేహాలు తీరుతాయన్నారు. ఆయన 383లో కార్తేజ్ వచ్చాడు. మాట తీపి, మనిషి మంచివాడు; కాని ఆ లెక్కలు తనకు తెలియవని ఒప్పుకున్నాడు. అగస్టీన్ నమ్మకం సడలిపోయింది. తరువాత ఆయన ఈ మతాన్ని ఖండిస్తూ వరసగా గ్రంథాలు రాశాడు. ఖండించడానికి వాళ్ళ మాటలు ఎత్తి రాయక తప్పలేదు. శిష్యులు కాపాడలేని మాటలను శత్రువు కాపాడాడు.

వర్తకుల వెంట తూర్పుకు

పడమట తలుపులు మూసుకుపోతుంటే తూర్పున దారి తెరుచుకున్నది. సమర్కండ్ ప్రాంతపు సొగ్దియన్ వర్తకులు పట్టు బాట మీద ఈ మతాన్ని మోసుకుపోయారు. వర్తకులు గనుక కథలు కూడా మోసుకుపోయారు. వాటిలో ఒకటి చెబుతాను.

ఒక వర్తకుడు ముత్యాలకు బెజ్జం వేయడానికి రోజుకు 100 బంగారు నాణాల కూలికి ఒక పనివాణ్ణి పెట్టుకున్నాడు. ఇంట్లో వీణవంటి వాయిద్యం కనపడింది. “వాయించడం వచ్చునా?” అని అడిగితే పనివాడు బ్రహ్మాండంగా వచ్చునన్నాడు. సరే వాయించమన్నాడు. సాయంత్రం దాకా వాయిస్తూనే ఉన్నాడు. ముత్యాలు అలాగే ఉన్నాయి. పనివాడు కూలి అడిగాడు. తగవు న్యాయాధికారి దగ్గరకు పోయింది. “నీవు చెప్పిన పనే చేశాడు, కూలి ఇవ్వు” అని తీర్పు వచ్చింది. ముత్యాల యజమాని ఆత్మ, పనివాడు శరీరం, 100 నాణాలు నూరేళ్ళ ఆయుర్దాయం, ముత్యాలకు బెజ్జం వేయడం పుణ్యకార్యమని మానీ గురువులు అర్థం చెప్పారు. మన పంచతంత్రం పారశీకానికి వెళ్ళి, అక్కడినుంచి అరబ్బీలో ‘కలీలా వ దిమ్నా’ అయినప్పుడు దాని పీఠికలోనూ ఈ కథే చేరింది.

694లో ఒక పారశీక గురువు చైనా సామ్రాజ్ఞి వూ జెతియన్ కొలువుకు తమ గ్రంథం తీసుకువెళ్ళాడు. చైనా లిపిలో మానీ పేరును సంస్కృతపు “మణి” శబ్దానికి వాడే అక్షరాలతోనే రాశారు. వినేవారికి ఆయన బౌద్ధుల చింతామణిలాగా తోచి ఉంటే వింత లేదు. 732లో చక్రవర్తి, చైనావారు ఈ మతంలో చేరరాదనీ, విదేశీయులకు అది స్వదేశపు మతం గనుక వారు పాటించుకోవచ్చుననీ ఉత్తరువు చేశాడు.

తరువాత 762 ప్రాంతంలో అదృష్టం వరించింది. చైనాలో తిరుగుబాటును అణచడానికి సాయం వచ్చిన ఉయిఘర్ తురుష్కుల రాజు బోగు ఖాను లోయాంగ్ నగరంలో మానీ గురువులను కలుసుకుని, నలుగురిని తన వెంట తీసుకుపోయి, ఆ మతాన్ని రాజమతం చేశాడు. వేడినెత్తురు తాగే దేశం కూరగాయలు తినే దేశంగా మారిందని వారి శిలాశాసనం పొంగిపోతూ చెబుతుంది. ఉయిఘర్ సైన్యానికి జడిసి చైనాలో కూడా మానీ ఆలయాలు కట్టనిచ్చారు. కాని 840లో కిర్గిజులు ఆ రాజ్యాన్ని కూల్చారు. మూడేళ్ళకే చైనాలో ఆలయాలు మూసి గ్రంథాలు తగలబెట్టారు.

బాగ్దాదు మంట

పుట్టినచోట కూడా గడ్డుకాలమే వచ్చింది. ఖలీఫా అల్ మహ్దీ కాలంలో, అంటే 775–785 మధ్య, జిందీకులను వెదికి పట్టుకోవడానికి ప్రత్యేక అధికారిని నియమించారు. 923లో బాగ్దాదులో మానీ చిత్రపటాన్నీ, 14 బస్తాల గ్రంథాలనూ బహిరంగంగా కాల్చారు. ఆ మంటలోనుంచి బంగారం, వెండి కరిగి కారాయట. అక్షరానికి, బొమ్మకు ఆ మతం ఎంత ఖర్చు పెట్టిందో ఆ బూడిదే చెప్పింది. ‘ఫిహ్రిస్త్’ అనే గ్రంథసూచిని 987లో తయారుచేసిన ఇబ్న్ అల్ నదీమ్, తాను ఒకప్పుడు బాగ్దాదులో మానీ మతస్థులను 300 మంది దాకా ఎరుగుదుననీ, ఇప్పుడు అయిదుగురైనా లేరనీ రాశాడు. ఒక మతం చనిపోతున్నప్పుడు పక్కన కూర్చుని తలలు లెక్కపెట్టిన మనిషి ఆయన.

మిగిలినవారు సమర్కండ్ చేరారు. అక్కడి ప్రభువు వారిని చంపించబోతే, తుర్ఫాన్ వైపు స్థిరపడిన ఉయిఘర్ రాజు కబురు పంపాడు: “మా దేశంలో ముస్లిములు మీ దేశంలోని మావారికంటె ఎక్కువమంది ఉన్నారు, జాగ్రత్త” అని. చంపడం ఆగింది. కాని ఆ ఉయిఘర్లు కూడా మెల్లమెల్లగా బౌద్ధంలోకి వెళ్ళిపోయారు.

ఎందుకు పోయింది?

వ్రతాలు కఠినమైనవి గనుక పోయిందని కొందరంటారు. నాకు ఆ మాట చాలదనిపిస్తుంది. మన జైనుల వ్రతాలు అంతకంటె తక్కువవేమీ కావు. అక్కడా సన్యాసి వండుకోడు, శ్రావకుడు పెడతాడు. ఆ మతం 2500 ఏళ్ళుగా నిక్షేపంగా ఉన్నది. హింసించారు గనుక పోయిందంటే, జరతుష్ట్ర మతస్థులను చూడండి. మానీకి సంకెళ్ళు వేసిన మతంవారే తరువాత తమ దేశం విడిచి గుజరాతు తీరానికి వచ్చి, పార్సీలుగా ఈనాటికీ తమ అగ్నిని ఆరనివ్వకుండా కాపాడుకుంటున్నారు.

నాకు తోచిన కారణం ఇది. మానీ మతం ప్రతి దేశంలోనూ ఆ దేశపు మాటే మాట్లాడింది. క్రైస్తవుల మధ్య ఏసు పేరు చెప్పింది, పారశీకులకు వారి దేవతల పేర్లతో చెప్పింది, చైనాలో “వెలుగు బుద్ధుడు” అన్నది. అందువల్ల ఎక్కడికి వెళ్ళినా తొందరగా ఆదరం దొరికింది. అందువల్లనే ఎక్కడికి వెళ్ళినా అతిథిగానే మిగిలింది. రోముకు అది పారశీకం, చైనాకు విదేశం, బాగ్దాదుకు ద్రోహం. అండగా నిలిచిన రాజ్యం ఒక్కటి, అది కూలింది. జైనులకూ పార్సీలకూ ఉన్నదీ, మానీవారికి లేనిదీ ఒకటున్నది. మా ఇల్లు, మా కులం, మా పిల్లలు అనే గట్టి పట్టు అది. ఉయ్యాలను దోషంగా చూసిన మతాన్ని రేపు మోసేదెవరు? అతిథి ఎంత మర్యాదస్థుడైనా, ఇల్లు కాలుతున్నప్పుడు ఇంటివాళ్ళు ముందు తమ సామాను బయటపెట్టుకుంటారు.

ఇసుకలోనుంచి

మానీ గ్రంథాలు పూర్తిగా పోయాయనే లోకం చాలాకాలం అనుకున్నది. 1902 నుంచి 1914 వరకు జర్మన్ పండితులు తుర్ఫాన్ ఎడారిలో తవ్వకాలు జరిపారు. 1904లో మ్యూలర్ అనే పండితుడు అక్కడి చిరుగు కాగితాల లిపి చదివి, ఇవి మానీవారి రాతలే అన్నాడు. బంగారు రేకు, నీలపు రంగు, తెల్లబట్టలు కట్టిన గురువుల బొమ్మలు! కాని ఆలస్యమైపోయింది. ఒక రైతు అయిదు బండ్ల పుస్తకాలు దొరికితే భయపడి నదిలో పారవేశానని లెకోక్ అనే పండితుడికి చెప్పాడు. మరొకచోట ఒక గ్రంథాలయమంతా పొలాలకు పెట్టిన నీటిలో నాని బురద ముద్ద అయిపోయింది.

1929లో ఈజిప్టులో మెదినెత్ మాదీ దగ్గర మానీవారి పాటల పుస్తకమూ, బోధలూ దొరికాయి. తరువాత అరచేతిలో సగం కూడా లేని ఒక గ్రీకు పుస్తకంలో ఆయన బాల్యం బయటపడింది. దాని ఆకు ఎత్తు నాలుగున్నర సెంటీమీటర్లు మాత్రమే. తండ్రి అడ్డుపడిన సంగతీ, కూరలు కడిగే తగవూ మనకు తెలిసినది దానివల్లనే.

అన్నిటికంటె నా మనసుకు తగిలినవి ఈజిప్టు ఎడారిలో కెల్లిస్ అనే ఊళ్ళో 1986 తరువాతి తవ్వకాల్లో దొరికిన ఉత్తరాలు. అవి 4వ శతాబ్దపు మానీ గృహస్థులు రాసుకున్నవి. ఒక తండ్రి పొరుగూరినుంచి కొడుక్కు రాస్తాడు: రోజూ కీర్తనలు చదువుకో, రాత మానవద్దు అని. తమ్ముడు గురువుగారి వెంట ప్రయాణం చేస్తూ లాటిన్ నేర్చుకుంటున్నాడని కబురు. డబ్బు, బట్టలు, ఆరోగ్యం, అమ్మ బెంగ. డయోక్లీషియన్‌కు అంత భయం కలిగించిన మతం లోపల ఇలా ఉండేది. పిల్లవాడి చదువు గురించి తండ్రి పడే తాపత్రయమే దాని రోజువారీ రూపం.

పర్ణశాల

ఆ మతం చివరగా తలదాచుకున్నది చైనా ఆగ్నేయ తీరాన ఫూజియన్ రాష్ట్రంలో. అక్కడ చ్వాన్‌జౌ దగ్గర కొండవాలులో సావోఆన్ అనే చిన్న గుడి ఉన్నది. ఆ పేరుకు అర్థం పర్ణశాల. లోపల రాతిలో చెక్కిన మానీ విగ్రహం. భుజాల మీదకు జారిన జుట్టు, రెండు పాయలుగా దిగిన గడ్డం, వెనక నలువైపులా పరుచుకున్న కిరణాలు. మింగ్ చక్రవర్తుల చట్టం ఈ మతాన్ని నిషేధించింది. అనుయాయులు కాలక్రమాన కనుమరుగయ్యారు. చుట్టుపక్కల గ్రామస్థులు ఆ విగ్రహం ఎవరో మరిచి, బుద్ధుడనే తలచి దీపాలు పెడుతూ వచ్చారు. 2008 నుంచి అదే రాష్ట్రంలో షియాపూ అనేచోట పూజారుల ఇళ్ళలో పాత పూజాగ్రంథాలు బయటపడ్డాయి. వాటిలో మానీవారి పాటలు అర్థం తెలియని మంత్రాలుగా మిగిలి ఉన్నాయి. 2021లో చ్వాన్‌జౌ ప్రపంచ వారసత్వ స్థలాల పట్టికకెక్కినప్పుడు ఈ గుడి కూడా అందులో చేరింది.

ఆ గుడిలో 1339 నాటి శాసనం ఒకటి ఉన్నది. విగ్రహం చేయించినవాడు రాజు కాడు, సన్యాసీ కాడు. పొరుగూరి భక్తుడు, ఒక గృహస్థుడు. చనిపోయిన తన తల్లికీ తండ్రికీ త్వరగా బుద్ధలోకంలో జన్మ కలగాలని కోరుకుని ఈ విగ్రహం సమర్పించానని చెక్కించాడు. మానీ తన చేత్తో రాసిన గ్రంథాల్లో ఒక్కటైనా పూర్తిగా మనకు దక్కలేదు. ఆయన స్వయంగా గీసిన బొమ్మ ఒక్కటీ దక్కలేదు. అమ్మానాన్నల కోసం ఒక కొడుకు పెట్టించిన ఈ రాయి మాత్రం దక్కింది.